తూము దాటితే కదా!

"ఈ నంబరు కాగితం వీపుకి పెట్టుకోవాలా అండీ, ముందుకా?" అని అడిగింది లక్ష్మీప్రసన్న.

"పొట్ట మీదే పెట్టుకో. డాక్టరు కోసి పారేయగా ఇంకా ఎంత మిగిలిందో జనం చూడొద్దూ?" అన్నాడు వీర్రాజు. పక్కనున్న పాపారావు కిసుక్కున నవ్వాడు.

ఏలూరులో ఆ ఆదివారం ఆడవాళ్లకు మూడు కిలోమీటర్ల పరుగు పెట్టారు. వీర్రాజు కలిదిండి నుంచి చీకటితోనే బయల్దేరి, కొల్లేరు మీదుగా మోటారు సైకిలు మీద పెళ్లాన్ని తీసుకొచ్చాడు. చేపల చెరువుల్లో అతని భాగస్తుడు పాపారావు ఇంకో బండేసుకుని వెంట వచ్చాడు. ఊరికే, వినోదం చూడ్డానికి.

ఆ వినోదం వెనక ఒక పాత కథ ఉంది. పదేళ్ల కిందట మొగుడితో గొడవపడి లక్ష్మీప్రసన్న చేతిసంచితో గడప దాటింది. పుట్టిల్లు తాడేపల్లిగూడెం పక్కన పెంటపాడు. బస్సెక్కాలంటే ముందు సెంటరు దాకా నడవాలి. అప్పటికే ఆమెది భారీ శరీరం. కాలవ తూము దగ్గరికి వెళ్లేసరికి ఆయాసమొచ్చి దాని గట్టు మీద కూలబడింది. వీర్రాజు కంగారు పడలేదు. కాఫీ తాగి, మీసం దువ్వుకుని, తీరిగ్గా బండి మీద వెళ్లి "ఎక్కవే" అన్నాడు. ఎక్కింది.

మహానుభావుడు అదేదో యుద్ధం గెలిచినట్టు, ఆనాటి నుంచి ఏ పెళ్లి పందిట్లో నలుగురు కనబడినా అదే కథ చెప్పేవాడు. "మా ఆవిడ అలిగితే నాకేం భయం లేదండీ. తూము దాటితే కదా!" అందరూ పగలబడి నవ్వేవారు. ఎదురు బంతిలో తలొంచుకుని ఆమె వింటూ ఉండేది. ఆకులో అన్నం వదిలేస్తే దానికీ ఒక మాట అంటాడని మింగేసేది.

పోయినేడాది సుగరు ముదిరి, మోకాళ్లు అరిగిపోతే, ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టరు. పొట్ట సంచి కోసి అరటిపండంత మిగిల్చారు. ఇప్పుడు చిన్న గిన్నెడన్నం తింటే ఎక్కువ. మనిషి సగానికి సగం దిగింది. ఊరంతా మెచ్చుకుంటే వీర్రాజు మూతి విరిచాడు.

"కష్టపడి తగ్గిందా ఏంటండీ? కోయించుకుని తగ్గింది. కోడిని కోసినా తూకం తగ్గుద్ది!"

ఆమె పొద్దున్నే చెరువు గట్టు మీద పరుగు మొదలుపెడితే, "గట్టు తెగుద్దే, చేపలు పోతాయి!" అని వెనక నుంచి కేకేసేవాడు.

ఏలూరు పరుగు సంగతి తెలిశాక, ఒకరోజు ఆమె అతని ఎదుట నిలబడి అడిగింది.

"నేను ఎక్కడా కూర్చోకుండా పరుగు పూర్తి చేస్తే, ఆ తూము మాట ఇక ఎవరి దగ్గరా ఎత్తకూడదండీ."

"కూర్చుంటే?"

"చచ్చేదాకా చెప్పుకోండి."

ఇంతకన్నా మంచి బేరం వీర్రాజుకి ఎక్కడ దొరుకుతుంది? వెంటనే ఒప్పుకున్నాడు. కూలబడిన చోటు ఫొటో తీయడానికి పాపారావునీ పిలిచాడు.

నంబరు కాగితాలిస్తున్న రత్నమాణిక్యం టీచరుని లక్ష్మీప్రసన్న అడిగింది. "రోడ్డు మీదికి బండ్లు రానివ్వరా అండీ?"

"ఒక్క బండి కూడా రాదమ్మా. ఇక్కడి నుంచి బస్టాండు దగ్గర గీత దాటేదాకా పోలీసులే."

"విన్నావా? మధ్యలో కూలబడితే వచ్చి ఎక్కించుకోవడం కుదరదు. రిక్షా మాట్లాడుకో" అన్నాడు వీర్రాజు.

ఆమె నడుముకి కట్టుకున్న చిన్న సంచిలో ఆధార్ కార్డు పెట్టుకుంది.

"పరుక్కి ఆధార్ ఎందుకే?"

"ఉండాలంటండీ." బొడ్లో తాళాల గుత్తి తీసి అతని చేతిలో పెట్టింది. "ఇవి మీ దగ్గరుంచండి. మీ బీపీ మాత్రలు ఫ్రిజ్ మీద పెట్టాను."

"ఆ సోదంతా ఇంటికెళ్లాక చెప్పు. తాళాలు కూడా మోయలేనిది పరిగెడుతుందంట!"

విజిల్ మోగింది. మందలో కలిసి ఆమె వెళ్లిపోయింది. వీర్రాజు, పాపారావు హోటల్లో కూర్చుని పెసరట్టుప్మా చెప్పారు.

"ఇంతమంది ఆడాళ్లు ఎక్కడ దొరికారురా బాబూ!" అన్నాడు పాపారావు.

"దొరక్కేం? ఆధార్ చూపిస్తే బస్సు ఫ్రీ. పనీపాటా లేనోళ్లంతా దిగారు."

రెండో అట్టు కూడా అయ్యాక, "ఇక పద, ఎక్కడ పడుందో ఏరుకొద్దాం" అని లేచాడు. బండిని పోలీసులు రానివ్వలేదు. తిట్టుకుంటూ కాలినడకన బయల్దేరారు. కొట్ల అరుగులు చూశాడు. డివైడరు పొడుగునా చూశాడు. చెట్ల నీడన చతికిలబడిన ఆడవాళ్లందరి మొహాల్లోకీ తొంగిచూసి తిట్లు తిన్నాడు. ఆమె ఎక్కడా లేదు. సగం దూరానికి చొక్కా తడిసింది. బస్టాండు దగ్గర గీత కనబడేసరికి అట్లు గొంతులోకొచ్చి, ఆయాసం పట్టలేక మురుగు కాలవ గట్టు మీద కూలబడ్డాడు.

"ఫొటో తీయమంటావేంటి?" అన్నాడు పాపారావు.

"నోర్ముయ్!" రొప్పుతూనే, పక్క వీధుల్లోంచి ముందే వచ్చి మెడల్స్ పంచుతున్న రత్నమాణిక్యాన్ని పిలిచాడు. "ఏవండీ టీచరు గారూ! మా ఆవిడ ఎక్కడ కూలబడిందండీ? పొద్దున మీతో మాట్లాడింది, బండ్ల గురించి."

"ఆవిడా? అరగంట క్రితమే గీత దాటేశారండీ. మెడల్ వేద్దామని పిలుస్తూనే ఉన్నాను" అంది టీచరు. ఆ మెడల్ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"ఆగకుండా అలాగే వెళ్లి తాడేపల్లిగూడెం బస్సెక్కేశారండీ."