ఇంగ్లండు హంసలు

"ఇల్లు కాదురా, దాని లోపలున్న అల్మరా చూడు," అన్నాడు అఖిలేష్.

కౌశల్ ఫోను దగ్గరికి లాక్కున్నాడు. జర్మనీలోని స్టుట్‌గార్ట్ శివార్లలో అద్దెకిచ్చే పై అంతస్తు వాటా ఫొటో అది. హాల్లో నేల నుంచి కప్పుదాకా పుస్తకాలే. పెద్దది చేసి చూస్తే అన్నీ బ్రిటన్‌ గురించినవే. అక్కడి పక్షులు, అక్కడి సీతాకోకచిలుకలు, అక్కడి పొదల్లో తిరిగే జంతువులు. ఆఖరికి అక్కడి నాచు మీద కూడా లావుపాటి సంపుటం ఒకటి.

"అయితే ఏంది?"

"ఓనరమ్మకు ఇంగ్లండు జంతువులంటే పిచ్చి. ఇగ ఇల్లు మనదే."

అఖిలేష్ ష్వైన్‌ఫర్ట్‌లో మాస్టర్స్ ముగించి, స్టుట్‌గార్ట్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో చేరాడు. ఉద్యోగం వచ్చింది గాని ఇల్లు రాలేదు. దోస్తు కౌశల్ వాళ్ళ వంటింట్లో, ఫ్రిజ్‌కూ వాషింగ్ మెషీన్‌కూ నడుమ పరుపేసుకుని పడుకుంటున్నాడు. సొంత చిరునామా లేందే అన్మెల్డుంగ్, అంటే ఊరి ఆఫీసులో పేరు నమోదు, కాదు. అది కాందే వీసా పొడిగించరు. పైగా నెలాఖరుకు కౌశల్ భార్య హైదరాబాద్ నుంచి దిగుతోంది. ఆ తర్వాత ఫ్రిజ్ పక్కన చోటు కూడా ఉండదు.

అందుకని ఎంట్రన్స్ పరీక్షకు చదివినట్టు చదివాడు. లైబ్రరీ నుంచి బ్రిటన్ వన్యప్రాణుల పుస్తకాలు సంచినిండా తెచ్చాడు. ఎస్-బాన్ రైల్లో చదివాడు, కంచం ముందు కూర్చుని చదివాడు. అప్పటిదాకా అతనికి తెలిసిన పక్షులు రెండే. ఒకటి స్టేషన్లో బ్రెడ్డు ముక్కల కోసం కొట్టుకునే పావురం, రెండోది బిర్యానీలోని కోడి. అలాంటివాడు, బ్యాడ్జర్ బొరియ ఎలా తవ్వుతుందో కౌశల్‌కు చేతులు తిప్పుతూ చెప్పే స్థాయికి వచ్చాడు.

"అరే, ముందు ఉల్లిగడ్డలు కొయ్యి," అన్నాడు కౌశల్.

బోలెడుమంది దరఖాస్తు పెడితే ఇంటావిడ ఇద్దర్నే పిలిచింది. రెండో మనిషి రిషిత. ష్వైన్‌ఫర్ట్‌లో అఖిలేష్‌కు జూనియర్. గుమ్మం దగ్గర ఆమెను చూడగానే అతనికి జాలేసింది. పాపం, ఒక్క ముక్క చదవకుండా వచ్చేసింది.

తలుపు తీసిన ఇంటావిడ ఫ్రావ్ బాయర్లెకు అరవై దాటి ఉంటాయి. ఆవిడ కింది వాటాలో ఉంటుంది. ఇద్దర్నీ పై వాటా హాల్లోకి తీసుకెళ్ళింది. అఖిలేష్ కిటికీ చూడలేదు, హీటర్ చూడలేదు. బాత్రూం ఉందో లేదో కూడా చూడలేదు. నేరుగా అల్మరా ముందుకు పోయి, దేవుడి గదిలో నిలబడ్డట్టు చేతులు కట్టుకున్నాడు.

"ఇవీ..." అన్నాడు, గొంతు కాస్త వణికించి.

"మా ఆయనవి," అంది ఆవిడ. "ఈ వాటా అంతా ఆయనదే."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ పెదవులు బిగుసుకున్నాయి. అఖిలేష్‌కు సంగతి అర్థమైపోయింది. తెలివైనవాడు గదా! తల వంచి కాసేపు మౌనం పాటించాడు.

"ఆయన ఎక్కడికీ పోలేదండీ. ఈ పుస్తకాల్లోనే ఉన్నారు," అన్నాడు ఇంగ్లీషులో, ప్రార్థన ముగిస్తున్న పాస్టర్‌లా.

ఫ్రావ్ బాయర్లెకు పొలమారింది. మంచినీళ్ళు తెచ్చుకుని తాగింది.

ఇక అఖిలేష్‌కు అడ్డు లేదు. రాబిన్ పిట్ట దగ్గర మొదలుపెట్టి ఎర్ర ఉడుతల మీదుగా పఫిన్లనే సముద్రపు పిట్టల దాకా వెళ్ళాడు. ఆదివారాలు తెల్లవారకముందే బైనాక్యులర్స్ పట్టుకుని బయల్దేరతానని, ఒకసారి చెట్ల మధ్యకు వెళ్తే ఇల్లూ వాకిలీ గుర్తుండవని చెప్పాడు. జన్మలో బైనాక్యులర్స్ ముట్టినవాడు కాదు.

"ఇంట్లోవాళ్ళు ఏమీ అనరా?" అని అడిగింది ఆవిడ.

"నాకింకా పెళ్ళి కాలేదండీ. అయినా మాలాంటివాళ్ళను అర్థం చేసుకునే భార్య దొరకడం అదృష్టం. మీ ఆయన అదృష్టవంతుడు."

ఆవిడ రుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంది. కన్నీళ్ళు పెట్టించానని అఖిలేష్ పొంగిపోయాడు. ఆఖరి అస్త్రం వదిలాడు.

"హంసల్నే చూడండి. ఒక్కసారి జతకడితే జన్మంతా విడిపోవు. ఇంగ్లండు హంసలైతే మరీనూ."

"ఇంగ్లండు హంసలా?" అంది ఆవిడ.

"అవునండీ. వాటి దగ్గర మనుషులు నేర్చుకోవాలి."

ఈలోగా రిషిత కుళాయి తిప్పి చూసింది. కిటికీ తెరిచి మూసింది. చివరికి అల్మరా మీద వేలితో గీసి, దుమ్ము చూసి మొహం చిట్లించింది.

"ఇవన్నీ తీసేస్తారు కదండీ? నాకు తుమ్ములొస్తాయి. మీకు ఓపిక లేకపోతే చెప్పండి, కింద పాత కాగితాల డబ్బాలో నేనే పడేస్తాను."

అఖిలేష్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. బయటికొచ్చాక పెద్దమనసుతో ధైర్యం చెప్పాడు.

"ఫికర్ చెయ్యకు రిషితా, ఇంకోటి దొరుకుతది. గానీ వచ్చేముందు కొంచెం హోంవర్క్ చెయ్యాలె."

"నాకు నిజంగనే తుమ్ములొస్తున్నయి అన్నా," అంటూ ఆమె ఇంకోసారి తుమ్మింది.

మర్నాడు ఫ్రావ్ బాయర్లె ఫోన్ చేసేసరికి అతను కౌశల్‌కు పార్టీ ఇస్తానని కూడా ఒప్పేసుకుని ఉన్నాడు.

"ఇల్లు ఆ అమ్మాయికి ఇస్తున్నాను," అంది ఆవిడ.

అఖిలేష్ ఫోను రెండో చెవికి మార్చాడు. ఫ్రిజ్ పక్కన చుట్టిపెట్టిన పరుపు కళ్ళముందు మెదిలింది.

"కానీ ఆమె పుస్తకాలు చెత్తలో వేస్తానంది కదండీ! నేనైతే ప్రాణంలా చూసుకునేవాణ్ణి. మీ ఆయన ఆత్మ శాంతించేది."

"ఆయన ఆత్మకేం," అంది ఫ్రావ్ బాయర్లె, "పోయినేడు పక్షుల్ని చూసొస్తానని ఇంగ్లండు వెళ్ళి, అక్కడ వాటిని చూపించినావిడతోనే కాపురం పెట్టి నిక్షేపంలా ఉన్నాడు."