పెట్టెలో గుర్రు

యజ్ఞనారాయణ గారి చెవి లాంటి చెవి గోదావరికి ఇవతల ఇంకోటి లేదు. పక్క ఊళ్లో తంబురా తీగ రవ్వంత సడలితే ఇక్కడ ఆయనకి అన్నం సయించదు.

ఆయన ప్రాణమంతా రెండు స్పీకరు పెట్టెల్లో ఉంది. కాకినాడలో ఓ దొర దేశం విడిచిపోతూ అమ్మేసిన సీమ సరుకు. ఒక్కోటీ ఛాతీ ఎత్తు. ముప్ఫై ఏళ్ల తేమకి కాగితం కోన్లు చివికిపోయాయి, కండెన్సర్లు ఉబ్బిపోయాయి. మద్రాసు నుంచి కొత్త కాయిళ్లు, కోన్లు తెప్పించి, ఎనభై ఆరు ఆగస్టులో అమలాపురం మెకానిక్కు సాలమోనుని పిలిపించారు. కొత్తపేట దగ్గర, ఏటిగట్టు కిందే యజ్ఞనారాయణ గారి ఇల్లు. షరతు ఒక్కటే: పెట్టెలు గడప దాటకూడదు. షాపుకి వెళ్లిన పెట్టె లోపలి సరుకుతో తిరిగి వస్తుందని ఆయనకి నమ్మకం లేదు.

మూడో రోజు మాధ్యాహ్నికం ముగించుకుని వచ్చేసరికి, సాలమోను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. బాగుచేసిన పెట్టెలో పొద్దుట్నుంచీ మోగుతున్న పాట ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పంతులుగారూ, లోపల ఏదో గుర్రుమంటోందండి."

యజ్ఞనారాయణ గారు పెట్టెకి చెవి ఆనించారు. చూరు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అడుగు నుంచండి. నేల్లోంచి వస్తోందండి."

వినపడలేదని చెబితే ఆ చెవికున్న పేరేం కాను?

"ఆయ్, వినపడుతోంది," అన్నారు.

అచ్చయమ్మ గారు వంటింట్లోంచి వచ్చి, తనూ చెవి పెట్టి, తనకేం వినపడలేదన్నారు. నీ చెవులు తిరగమోత వినడానికే పనికొస్తాయని భర్త కసిరారు.

సాలమోను నేల మీద అరచెయ్యి ఆనించాడు. ఆ గుర్రుకే ఒక పెట్టె మూగబోయిందని, ఇంకో గంట ఇక్కడుంటే రెండోదీ దక్కదన్నాడు. మెరక మీదున్న తన షాపుకి చేర్చాలన్నాడు. గొంతులో భయం నిజం భయమే.

యజ్ఞనారాయణ గారు మళ్లీ చెవి పెట్టారు. ఈసారి ఏదో వినపడింది. ఎక్కడో లోతున, పళ్లు నూరుతున్నట్టు. ఆయన ట్రాక్టరుకి కబురు పంపారు.

పెట్టెలు ట్రాక్టరెక్కాయి. వాటిని వదిలి ఆయన ఉండలేరు. ఆయన బయటి మెతుకు ముట్టరు కనక, కిరసనాయిలు స్టవ్వుతో సహా అచ్చయమ్మ గారూ ఎక్కారు. ఇంటికి తాళం పడింది.

సాయంత్రం నాలుగింటికి గోదావరి వరద పోటుకి గట్టుకి గండి పడింది. ఊళ్లోవాళ్లు మిగిలిన గట్టు మీదికి పరుగెత్తి బతికారు. గండికి ఎదురుగా ఉన్న యజ్ఞనారాయణ గారి పెంకుటింట్లో మాత్రం స్తంభం కూడా నిలవలేదు.

కబురు షాపుకి చేరేసరికి అచ్చయమ్మ గారు అన్నం వారుస్తున్నారు. గిన్నె దించి, సాలమోనుకి రెండు చేతులూ జోడించారు. యజ్ఞనారాయణ గారు వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నారు: గోదావరి గట్టు కింద నేలని తొలుస్తుంటే ఆ గుర్రు పెట్టెలో పలికిందట, కోనసీమ మొత్తంలో దాన్ని విన్నవి రెండే జతల చెవులట.

సాలమోను తలొంచుకున్నాడు.

"పంతులుగారూ, తక్కినదంతా నిజమే గానండి, ఆ గుర్రు ఒక్కటీ నేను కల్పించేనండి, కొత్త కాయిలు మాడ్చేసి, తమరికి తెలీకుండా దాన్ని మళ్లీ చుట్టడానికి పెట్టె షాపుకి పట్టుకొచ్చే దారి లేక."