లోపలి దెబ్బ

చనిపోయిన స్నేహితుడు లైల్ పేరున్న రేకును పీకేసి, ఇద్దరూ కలిసి కట్టిన విమానానికి వెర్లిన్ తన పేరు బిగించుకున్నాడు. "రేపు హాయిగా ఎగురు వెర్లిన్, నీ సంగతి మా ఆయనే చూసుకుంటాడు," అని పొద్దుగూకేవేళ లైల్ భార్య షెడ్డు గుమ్మంలోంచే అనేసి పోయింది.

చీకటిపడ్డాక, మొక్కజొన్న చేల మధ్య ఆ షెడ్డులో అతనొక్కడే విమానం ఒంటి అల్యూమినియం రేకును గుడ్డతో అద్దంలా తోముతున్నాడు. తోక దగ్గర రేకుల్ని కలిపి బిగించే రివెట్ ఒకటి గుడ్డకింద కదిలింది.

రివెట్లు కొట్టినన్నాళ్లూ వెర్లిన్ బయట, లైల్ తోక లోపల ఉండేవాళ్లు. లోపల్నుంచి ఒక దెబ్బ కొడితే బాగుందని, మూడు కొడితే పీకెయ్యమని లెక్క. లైల్ ఏనాడూ తప్పు చెప్పలేదు.

వదులుగా ఆడుతున్న రివెట్‌ను వెర్లిన్ వేలితో నొక్కిపట్టాడు. "ఇది పీకెయ్యాలి కదరా లైల్?" అన్నాడు అలవాటుగా.

ఖాళీ తోకలోంచి టక్కుమని ఒక దెబ్బ వినిపించింది.

మిగతా రెండిటి కోసం వెర్లిన్ రేకుకు చెవి ఆనించి తెల్లారేదాకా నిలబడ్డాడు.