వెంట్రుకంత రేకు

షాహనాకు మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. మూడు రోజులుగా ఆ ఇంట్లో తుమ్మడానికి కూడా పర్మిషన్ లేదు.

ఉప్పుగాలికి ఆటోఫోకస్ లెన్సులో మోటారు చచ్చిపోయింది. మొగుడు షఫీ తన తండ్రి నాటి పాత లెన్సు తీసి డిజిటల్ కెమెరాకు తగిలించాడు. దానికి ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. కన్ను పెట్టి చూసేచోట కెమెరాతో వచ్చిన ఫోకసింగ్ స్క్రీన్ మరీ నునుపు; అందులో చూస్తే మసక కూడా తెలియక అంతా బాగానే ఉండేది. ఫోటోలో మాత్రం పెళ్ళికూతురు మసకగా, వెనకున్న అరటాకు మహా స్పష్టంగా వచ్చేది.

అందుకని మద్రాసు నుంచి వేరే స్క్రీన్లు మూడు తెప్పించాడు. ఒక్కోటి తపాలా బిళ్ళంత. వాటిమీద దుమ్ము పడకూడదు, వేలు పడకూడదు, భార్య ఊపిరి అసలే పడకూడదు.

ఆ పొద్దున బోగోలులోని తన స్టూడియోలో షఫీ పట్టకారు పట్టుకుని కెమెరా మీదకు వంగి ఉండగా, గుమ్మంలో కర్ర చప్పుడైంది.

"మీరా మొహిద్దీన్ స్టూడియో ఇదేనా నాయనా?"

నల్ల కళ్ళద్దాలు. డెబ్బై దాటిన మనిషి.

"ఆయన పొయ్యి ఆరేండ్లయింది. నేను కొడుకుని. ఏం కావాల?"

ముసలాయన తడిమి గుమ్మం పట్టుకున్నాడు.

"పాస్‌పోర్టు ఫోటో. చూపు లేదని మళ్ళా రాయించుకోవాలంట, పాత కాయితం చెల్లదంట. కావలిలో డాక్టర్ల క్యాంపు ఒంటిగంటకి మూసేస్తారు. పదకొండున్నర బస్సు పోతే, మళ్ళా క్యాంపు ఎప్పుడో."

గోడ గడియారం పదీ నలభై ఐదు చూపిస్తోంది.

"కూర్చో పెద్దాయనా. ఈ స్క్రీన్ బిగించి నీతోనే బోణీ చేస్తా."

షాహనా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఏం స్క్రీన్ నాయనా?"

"చెప్తే తెలుస్తాదా? మధ్యలో గీత ఉంటాది. మనిషి రెండు ముక్కలుగా కనపడతాడు. ముక్కలు కలిస్తే ఫోకస్."

"మొగాలు తీసేవాడికి గీతది ఎందుకు? గుండ్రటి చెంప మీద ఏం కలుపుతావు? ఉత్త గరుకుది పెట్టుకో. కంటిపాప దానంతటదే తేలతాది."

పట్టకారు ఆగింది.

"నీకెవరు చెప్పినారు?"

"ఎవరో అంటుంటే విన్నా."

షఫీ భార్య వైపు చూసి కన్ను గీటి, గీత ఉన్న స్క్రీనే తీసుకున్నాడు. క్లిప్పు నొక్కాడు. పాత స్క్రీన్ అరచేతిలోకి జారింది.

"ఏందో పడింది," అన్నాడు ముసలాయన.

"ఏం పడలా."

"పడింది నాయనా. గాజు కాదు. పల్చటి ఇత్తడి. నీ కుడికాలి పక్కన."

షఫీ కిందికి చూశాడు. మచ్చల మొజాయిక్ గచ్చు తప్ప ఏమీ లేదు.

"నీకు కనపడంది నాకు చూపిస్తావా పెద్దాయనా?"

ఆ మాట షాహనాకు నచ్చలేదు. వెతకబోయింది.

"కదలొద్దు! దుమ్ము లేస్తాది," అన్నాడు షఫీ.

మొదటి ఫోటో తీశాడు. వెనక తెర మీద మడత స్పష్టం. ముఖం ఆవిరి పట్టిన అద్దం.

ఇంకోసారి. అదే.

స్క్రీన్ మార్చాడు. అదే. మూడోది, గరుకుది, పెట్టాడు. అదే ఆవిరి.

పదకొండూ పది. ముసలాయన కర్రను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"బస్సుకి టైమెంతుంది నాయనా?"

"ఆ మద్రాసోడు డూప్లికేట్ పంపించినాడు! ఒక్క నిమిషం ఉండు."

"ఫోన్లో తీస్తే పోలా?" అంది షాహనా.

"బోర్డు పీకేసి నీ ఫోను వేలాడదియ్యి!"

"అది ఒక్కసారి ఇస్తావా?" అని ముసలాయన చెయ్యి చాచాడు. షఫీ నోరు తెరిచేలోపే షాహనా కెమెరా ఆ చేతిలో పెట్టింది.

ముసలి వేళ్ళు లెన్సు రింగును మెల్లగా తిప్పాయి. ఒకచోట ఆగాయి.

"ఐదడుగుల కాడ కొంచెం పట్టేస్తాది. దీని మూత ఉండాదా? లోపల మఖ్మల్ గుడ్డ ఊడలేదు కదా?"

"వేలిముద్రలు పడతాయి!" షఫీ లాక్కున్నాడు. "మా నాయన మద్రాసులో కొన్న లెన్సది."

"అట్లనా," అన్నాడు ముసలాయన. ఖాళీ చేతులు కర్ర మీద పెట్టుకుని, "మంచిదే కొన్నాడు," అన్నాడు.

పదకొండూ ఇరవై. షాహనా ఇక ఎవరినీ అడగలేదు. ఫోన్లో తీసింది, ప్రింటు వేసింది, తనే కత్తిరించింది. కవరు మీద రాయడానికి పేరడిగింది.

"చెంగయ్య తల్లీ."

బస్సు కదులుతుండగా ఎక్కించి వచ్చింది. వచ్చి చీపురు అందుకుంది.

"ఇప్పుడు తుమ్మొచ్చా?"

గచ్చంతా ఊడ్చి చేటలోకి ఎత్తింది. చేటలో ఏదో టింగుమంది.

వెంట్రుకంత మందం ఇత్తడి రేకు. మధ్య ఖాళీ, చుట్టూ చట్రం.

షఫీ దాన్ని పట్టకారుతో ఎత్తి చూశాడు. స్క్రీన్ పైన కూర్చునే రేకు అది. అది లేకపోతే కంటికి కనబడేది ఒకటి, కెమెరాకు పడేది ఒకటి.

రేకు పెట్టాడు. గరుకు స్క్రీన్ పెట్టాడు. షాహనాను ఐదడుగుల దూరంలో నిలబెట్టి లెన్సు రింగు తిప్పాడు. సరిగ్గా అక్కడ, కొంచెం పట్టేసింది.

ఫోటోలో ఆమె కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

"ఆయనకెట్లా తెలుసు?" అన్నాడు షఫీ.

షాహనా లెన్సు మూత తీసుకుంది. ఇన్నాళ్ళూ ముట్టుకోనివ్వని మూత. మఖ్మల్ గుడ్డ కింద గోరు పెట్టి ఎత్తింది.

మూత లోపలి లోహం మీద సూదితో గీకిన అక్షరాలు.

'మీరాకు. నా చూపు పోయింది, ఇక నువ్వు చూడు. చెంగయ్య.'

షఫీ రెండుసార్లు చదివాడు.

షాహనా బండి తాళాలు అతని ముందు పెట్టింది.

"ఒంటిగంట దాకా క్యాంపులోనే ఉంటాడు. అక్కడ ఏం చెప్తారో ఇక్కడ ఒకసారి చెప్పండి, వింటా."

షఫీ తాళాలు అందుకున్నాడు.

"తప్పు నాదే షాహనా. వేలిముద్రలు పడతాయని, ఆయన లెన్సు ఆయన చేతిలోంచే లాక్కున్నా."