రేకు అంచు

బుల్లిబాబు జీపు వచ్చి షెడ్డు ముందు ఆగేసరికి స్తెఫను చేతిలోని స్పానర్ జారి కింద పడింది.

చిల్లకల్లు దగ్గర హైవే పక్కన టైర్ల షాపు స్తెఫనుది. ఎవరి బండి వచ్చినా ఎదురెళ్లి పలకరించే మనిషి. ఇవాళ కాళ్లు కదల్లేదు. ఎలా కదులుతాయి? బుల్లిబాబు కూతురు నాగశ్రీ, స్తెఫను తమ్ముడు వెస్లీ ఇళ్లల్లో చెప్పకుండా పెళ్లి చేసుకుని వారమైంది. "వాడు కనబడితే నరికేస్తా" అని బుల్లిబాబు నందిగామ సెంటర్లో నలుగురి ముందు అన్నాడు. ఆ మాట ఈ చుట్టుపక్కల వినని వాళ్లు లేరు.

బుల్లిబాబు దిగాడు. గడ్డం మాసింది. నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డాయి. జీపు వెనక నాలుగు కొత్త టైర్లు కుక్కి ఉన్నాయి. ఒక్కొక్కటి నిలబెడితే నడుమెత్తు వస్తుంది.

"ఇవి ఎక్కించు" అన్నాడు.

పెద్ద టైర్ల మోజు ఈమధ్య కుర్రకారుకు బాగా పట్టుకుంది. బండి అదే, రోడ్డు అదే, టైర్లు మాత్రం ట్రాక్టరుకు వేసేవంత ఉండాలి. కానీ యాభై దాటిన పెద్దమనిషికి, అదీ ఇలాంటి సమయంలో, ఇదేం సరదా?

"కంపెనీ రిమ్ముల మీద ఇంత పెద్దవి ఎక్కిస్తే రాసుకుంటాయండి. స్టీరింగ్ మొత్తం తిప్పారంటే లోపల రేకుకి తగులుద్ది. రిమ్ములు కూడా మారిస్తే..."

"ఆగే టైము లేదు. వేదాద్రి అవతలకి పోవాలి. నిన్న సగం దూరం పోయాక నల్లమట్టిలో దిగబడిపోయింది. ట్రాక్టరు పెట్టి లాగించుకున్నా. ఇవాళ ఎట్టాగైనా చేరాల."

వేదాద్రి అవతల నది వారన ఉన్న పల్లెలో స్తెఫను పిన్ని జయమణి ఉంటుంది. వెస్లీ, నాగశ్రీ తలదాచుకున్నది ఆమె ఇంట్లోనే.

"మీ నందిగామలో అన్ని షాపులుండగా ఇంత దూరం వచ్చారేంటండి?" ఉండబట్టలేక అడిగాడు.

బుల్లిబాబు అతని కళ్లలోకి సూటిగా చూశాడు. "నీ చేత్తోనే బిగించాలని."

స్తెఫను బండిని జాకీల మీదకు ఎత్తాడు. పాత టైర్లు ఊడదీసి కొత్తవి రిమ్ములకు ఎక్కించసాగాడు. బుల్లిబాబు కాస్త దూరంగా నిలబడి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. గొంతు తగ్గించినా మాటలు అందుతూనే ఉన్నాయి.

"ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారా? కదలనీయొద్దు. నేనొచ్చేదాకా వాళ్లకేం తెలియకూడదు."

మంచినీళ్లు తాగొస్తానని స్తెఫను షెడ్డు వెనక్కి వెళ్లాడు. వెస్లీకి ఫోను చేశాడు. స్విచ్చాఫ్. పిన్నికి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. పోలీసులకు చెబుదామంటే ఏమని చెప్పాలి? ఒకాయన టైర్లు మార్పించుకుంటున్నాడనా? ఏడుపొచ్చింది. తల్లి పోయాక వెస్లీని ఎత్తుకుని పెంచిన చేతులు, ఇప్పుడు వాడి మీదకి పోయే బండికి టైర్లు బిగిస్తున్నాయి.

వెనక్కి వచ్చి ముందు చక్రం బిగించాడు. స్టీరింగ్ మొత్తం తిప్పి చూశాడు. అనుకున్నంతా అయింది. మడ్‌గార్డు లోపల రెండు రేకులు కలిసే చోట అంచు పొడుచుకొచ్చి ఉంది. టైరు పక్కభాగం సరిగ్గా దానికే రాసుకుంటోంది. మామూలుగా అయితే సుత్తితో నాలుగు దెబ్బలు వేసి ఆ అంచును మడిచేసేవాడు.

సుత్తి తీశాడు. కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ పెట్టేసి ఆకురాయి అందుకున్నాడు.

అంచు మీద పదేపదే గట్టిగా రుద్దాడు. అది ఇప్పుడు కత్తిలా ఉంది. వేదాద్రి దాటాక ఆ బాటంతా మలుపులే. స్టీరింగ్ మొత్తం తిప్పనిదే బండి పోదు. తిప్పినప్పుడల్లా టైరు కోసుకుపోతుంది, చివరికి పగులుతుంది. స్టెప్నీ చిన్నది, ఆ బురదలో పనికిరాదు. మనిషికేం కాదు. ఆ గతుకుల్లో ఎవడూ ఇరవైకి మించి తోలలేడు. బండి ఆగిపోతుంది, అంతే. ప్రభువుకు లోలోపలే క్షమాపణ చెప్పుకున్నాడు.

"రాసుకుంటందా?"

స్తెఫను ఉలిక్కిపడ్డాడు. బుల్లిబాబు వెనకే ఉన్నాడు.

"లేదండి. సరిపోయింది."

"నీ మాట మీద పోతున్నా మరి."

బండెక్కబోతూ బుల్లిబాబు ఆగాడు. "తమ్ముడంటే నీకు ప్రాణమంటగా?"

బుల్లిబాబు జవాబు కోసం ఆగలేదు. జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

ఆ తర్వాత స్తెఫను ఒక్క పనీ ముట్టుకోలేదు. వచ్చిన బండ్లను వచ్చినట్టే పంపించేశాడు. పిన్ని ఫోను మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్లు లేరు. తనే వెళ్దామంటే ఆ బురదలో బైకు నడవదు. జీపు ఈపాటికి ఏ మలుపులోనో ఒరిగిపోయి ఉంటుందని, బుల్లిబాబు తిట్టుకుంటూ వెనక్కి నడిచి వస్తుంటాడని తనకు తానే చెప్పుకున్నాడు. చెప్పుకున్నకొద్దీ భయం పెరుగుతోంది.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. వెస్లీ నంబరు. వారం రోజుల్లో ఇదే మొదటిసారి.

"ఒరేయ్, ఎక్కడున్నావురా? నీకేం కాలేదు కదా?"

గాలి హోరులో వెస్లీ నవ్వు వినిపించింది.

"అన్నయ్యా, మామయ్యగారు మమ్మల్ని ఇంటికి తీసుకెళ్తానని ఆయనే వచ్చారు, నేనూ నాగశ్రీ ఆయన బండిలోనే ఉన్నాం, ఇప్పుడే హైవే ఎక్కాం, నువ్వు బిగించిన టైర్ల మీద బండి నూట పదిలో పోతంది."