రెండో వైపు మూడో పాట

హన్నమ్మ పెరట్లో బండ మీద బూడిద వేసి కొరమేనుని రుద్దుతోంది. యోబు వచ్చి నూతి పక్కన నిలబడ్డాడు.

"ఆ అబ్బాయికి భోజనం పెట్టి పంపించెయ్యి. రికార్డు మాత్రం బయటికి తియ్యకు" అన్నాడు.

"ఎందుకండీ?"

"పాతబడిపోయింది. అరిగిపోయుంటుంది."

"ఎలా అరుగుతుందండీ? మీరు వద్దన్నారని పెళ్ళయిన దగ్గర్నుంచి నేను ఒక్కసారైనా వెయ్యలేదు. మీరా, దాని మాటెత్తితేనే మొహం తిప్పుకుంటారు. పెట్టెలో పెట్టింది పెట్టినట్టు అరిగిపోడానికి అదేవన్నా సబ్బుబిళ్ళా?"

యోబు వెనక్కి తిరిగి ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

అతను కుర్రతనంలో మద్రాసు వెళ్ళి చేసిన పాటలవి. ఇంగ్లీషు పాప్ బాణీల్లో కొల్లేటి పడవ గెడ చప్పుడూ, తాడేపల్లిగూడెం రైసుమిల్లు బెల్టు చప్పుడూ కలిపి, ఆ రికార్డుకి 'గూడబాతులు' అని పేరు పెట్టాడు. అప్పట్లో విన్నవాళ్ళు నవ్వారు. ఇన్నేళ్ళకి బెంగుళూరులో ఒక చిన్న కంపెనీ దాన్ని మళ్ళీ రికార్డుగా వేస్తామంది. ఆ పని మీదే వచ్చాడు సుకుమార్.

అసలు టేపులు ఎప్పుడో పాడైపోయాయట. అతనికి దొరికిన రెండు రికార్డులూ తర్వాత పల్చటి ప్లాస్టిక్ మీద అచ్చు వేసినవి. వాటిలో పాటకంటే గరగరే ఎక్కువట. మొదటి అచ్చు దళసరిది, కొద్దిగానే వేశారు. అతనికి తెలిసినంతలో అది ఈ ఇంట్లోనే మిగిలింది. అది బాగుంటే పాటలు మళ్ళీ వస్తాయి, లేకపోతే లేదు. అందుకే హన్నమ్మ ఆ రోజు బడికి సెలవు పెట్టింది. నవ్విన నోళ్ళే ఒక్కసారి తన భర్త పాట బాగుందంటే చాలని ఆమె ఆశ.

చేతులు సబ్బుతో కడుక్కుని, వాసన చూసుకుని మళ్ళీ కడుక్కుంది. ట్రంకుపెట్టె అడుగునుంచి గుడ్డలో చుట్టిన రికార్డు తీసి ముందుగదిలోకి తెచ్చింది. ఆదివారాలు భక్తిగీతాలు వేసుకునే పాత ప్లేయర్ గూట్లో ఉంది గానీ, దాని సూది మొద్దుబారి రికార్డుల్ని చెక్కేస్తుందని సుకుమార్ తన ప్లేయరే తెచ్చుకున్నాడు. దాన్ని ల్యాప్‌టాప్‌కి తగిలించి, సూది మెల్లగా దించాడు.

యోబు పడుచు గొంతు గదంతా నిండింది. హన్నమ్మ ఆ గొంతు వినడం అదే మొదలు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సుకుమార్ కళ్ళు మూసుకున్నాడు. "మాస్టారూ, గెడ పైకి తీసినప్పుడు కారే నీటిచుక్కలు కూడా వినపడుతున్నాయండీ. ఇన్నాళ్ళూ నేను విన్నది అసలు ఈ రికార్డే కాదండీ."

మొదటి వైపు అయిపోయింది. ఎక్కడా చిన్న చిటపట లేదు.

"ఇంక చాల్లే బాబూ, భోజనాల వేళయింది" అన్నాడు యోబు.

"కూర ఇంకా పొయ్యెక్కందే భోజనాలేమిటండీ? నువ్వు రెండో వైపు కూడా వెయ్యి బాబూ" అంది హన్నమ్మ.

మొదటి రెండు పాటలూ అంతే స్వచ్ఛంగా వచ్చాయి. మూడో పాట మొదలవుతూనే కాగిన నూనెలో పోపు వేసినట్టు గరగరమంది. సుకుమార్ ఉలిక్కిపడి సూది ఎత్తాడు. రికార్డుని కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. నల్లగా నిగనిగలాడుతున్న రికార్డు మీద ఆ పాట ఉన్న పట్టీ ఒక్కటే బూడిద రంగుకు తిరిగి ఉంది.

"అచ్చులోనే లోపమా బాబూ?" అంది హన్నమ్మ.

"కాదండీ, వాడకమే. ఈ ఒక్క పాటే కొన్ని వందలసార్లు వేశారు. సరిగ్గా దీని మొదట్లో సూది దించడం, అవగానే ఎత్తేయడం. పక్క పాటల్ని ముట్టుకోలేదు."

నిర్ధారణ చేసుకోడానికి అతను మళ్ళీ అదే పాట వేశాడు. గరగర అడుగునుంచి ఒక ఆడగొంతు పైకి వచ్చింది.

రికార్డంతటిలో యోబు గొంతు లేని పాట అదొక్కటే. అట్ట వెనక ఆ పాట ఎదురుగా క్యాథరిన్ అని ఉంది. హన్నమ్మ ఆమెని ఒక్కసారే చూసింది, తమ పెళ్ళిలో. చర్చి కోయిర్‌లో చివరి వరసన నిలబడి, అందరూ పాడుతున్నా ఆమె పెదవి కదపలేదు. గొంతు పట్టేసిందేమో పాపం అనుకుంది హన్నమ్మ అప్పుడు.

ఇన్నేళ్ళూ హన్నమ్మ పొద్దున్నే బస్సెక్కి ఉంగుటూరు బడికి వెళ్ళి, సాయంత్రానికి ఇల్లు చేరేది. యోబు సంగీతం ట్యూషన్లు సాయంత్రాలే. పగలంతా ఇంట్లో ఉండేది అతనొక్కడే.

"ఏం పర్వాలేదండీ, ఈ ఒక్క పాటా నా దగ్గరున్న దాంట్లోంచి తీసుకుంటాం. రికార్డు వచ్చేసినట్టే." సుకుమార్ నవ్వుతూ హన్నమ్మ వైపు తిరిగాడు. "అమ్మగారికి ఈ పాటంటే ఇంత ఇష్టమన్నమాట."

గదిలో క్యాథరిన్ ఇంకా పాడుతూనే ఉంది. హన్నమ్మ ఆ పాట అయ్యేదాకా ఆగింది.

"అవును బాబూ" అంది. "మానలేకపోయాను."

యోబు కుర్చీలోంచి లేచి, మెట్లు దిగి, గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.