మీటరు దగ్గర మనిషి

ఊపిరి మిషను ఆపి అయిదు నిమిషాలు కాలేదు. ఎవరో తలుపు తట్టారు.

కోడలు కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి వెళ్లి తీసింది.

ఎన్నడూ చూడని ముసలాయన. వదులు చొక్కా, రెప్పలార్పని కళ్లు.

"ఆపేశారు కదమ్మా? మళ్లీ వెయ్యండి."

"ఏంటి వేసేది? ఎవరు మీరు?"

"ఊపిరి మిషను."

ఆమె ధడాలున తలుపు మూసింది.

లోపలి గదిలో అత్తగారు దిండుకు చేరగిలబడి ఉంది. ఊపిరితిత్తులు పాడైన మనిషి. ఆ మిషను ఇరవైనాలుగు గంటలూ ఆమెకు గాలి అందించాలి. గ్యాసు ధర పెరిగింది, ఆ గ్యాసుతో తయారయ్యే కరెంటు ధరా పెరిగింది. రెండు నెలల్లో బిల్లు రెండింతలైంది. మధ్యాహ్నం ఓ గంట ఆపుదామన్న ఆలోచన అత్తగారిదే.

"గాలి పీల్చుకున్నా బిల్లేనా అమ్మాయ్! మీ మామగారుంటే నన్ను తక్కువ మాట్లాడమనేవారు" అని నవ్వింది, మాట మాటకీ ఆయాసపడుతూనే.

మర్నాడు మిషను ఆగింది. తలుపు చప్పుడైంది.

"వెయ్యండమ్మా."

"మీకెలా తెలుస్తోంది?"

"కింద మెట్ల దగ్గర మీ మీటరు చూస్తుంటాను. ఎర్ర లైటు మెరవడం నెమ్మదిస్తుంది. కిటికీలోంచి వచ్చే గుర్రుమనే చప్పుడూ ఆగిపోతుంది."

"మా ఇంటిమీద మీ కాపలా ఏంటి? వెళ్తారా, వాచ్‌మన్‌ని పిలవమంటారా?"

తలుపు వేసి సందులోంచి చూసింది. ఆయన కదల్లేదు. తలుపుకు చెవి ఆనించి వింటున్నాడు.

భయంతో ఆమె పరుగున వెళ్లి మిషను వేసింది. అప్పుడుగానీ మెట్లు దిగుతున్న అడుగుల చప్పుడు వినిపించలేదు.

వారం రోజులూ ఇదే తంతు. ఇక తట్టుకోలేక వాచ్‌మన్‌తో చెప్పింది.

"ఎవడో పిచ్చోడమ్మా. నేను చూసుకుంటా" అని అతను ముసలాయన్ని రెక్క పట్టుకుని గేటు బయటికి నెట్టాడు.

"ఆపకమ్మా!" అన్న కేక వీధి మలుపు దాకా వినిపించింది.

ఆ తర్వాత ఎవరూ తలుపు తట్టలేదు. రెండు రోజులు ప్రశాంతంగా గడిచాయి.

మూడోరోజు మిషను ఆపి ఆమె కుట్టుకు కూర్చుంది. సాయంత్రానికల్లా ఇవ్వాల్సిన చొక్కాలు.

"నిద్రొస్తోంది అమ్మాయ్" అంది అత్తగారు.

"పడుకోండత్తయ్యా."

ఆఖరి కాలరు పూర్తిచేసి తలెత్తేసరికి గంటన్నర దాటింది.

అత్తగారి చెయ్యి చల్లగా ఉంది.

సాయంత్రం శవాన్ని కిందికి దించుతుంటే, రోడ్డుకు అవతల ఆ ముసలాయన నిలబడి ఉన్నాడు. అరవలేదు. దగ్గరికి రాలేదు. పై కిటికీ వంకే చూస్తున్నాడు.

"ఎవరాయన?" అంది కోడలు.

వాచ్‌మన్ తల దించుకున్నాడు.

"పక్కవీధి వాళ్లు ఇప్పుడే చెప్పారమ్మా. పోయినేడు ఆయన భార్యకీ ఇలాంటి మిషనే ఉండేదట, బిల్లుకు భయపడి ఓ మధ్యాహ్నం గంటసేపు ఆపింది ఆయనేనట."